ఆదివారం ఆట: ఆటగాళ్లు మాన్‌స్టర్‌కు భయపడేలా చేద్దాం

కడప ఆటబృందం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మా మిద్దెపై, కథలో పాత్రలుగా మారి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కొనసాగుతుంది. ఈసారి కథ గండికోట లోయను పోలిన ఇరుకు దారిలో జరుగుతుంది.

మాన్‌స్టర్ ప్రాణబలం (ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె) పెంచినంత మాత్రాన భయం పుట్టదు, పోరు సాగుతుందంతే. అది ఎదురుపడకముందే విరిగిన కంచె, బెదిరిన గొర్రెల మంద కనబడాలి. గాయపడితే అది వెనక్కి తగ్గి, చీకట్లో ఒంటరిగా చిక్కినవారి కోసం కాచుకోవాలి. నిప్పో యాసిడో తగిలితే తప్ప ట్రోల్ అనే మాన్‌స్టర్ గాయాలు తన ప్రతి వంతులోనూ మానుతూ ఉంటాయి కనుక, ఆ సంగతి ముందే ఊరివాళ్ల మాటల్లో వినబడాలి. లేకుంటే ఆటగాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఆట నడిపేవారు తమ మాన్‌స్టర్‌కు ఏం కావాలో, అది దేనికి భయపడి పారిపోతుందో శుక్రవారంలోగా నాకు విడిగా రాసి పంపండి. మిగతావారు పాత్రల పత్రాలు, పాచికలు మరవకుండా తెచ్చుకోండి.