కేబుల్ తీసేయండి, యాంటెన్నాను మాత్రం మరిచిపోకండి

సంపాదకులకు నమస్కారం.

కేబుల్ కనెక్షన్ మానేసి ఇంటర్నెట్‌లో టీవీ చూడటం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఏ యాప్‌లో ఏం దొరుకుతుంది, నెట్ స్పీడ్ ఎంత ఉండాలి, టీవీ పాతదైతే దాని వెనక ఏం తగిలించాలి, అన్నీ బాగానే చెప్పారు. కానీ అంత పెద్ద వ్యాసంలో యాంటెన్నా అనే మాట ఒక్కసారి కూడా కనపడలేదు. టీవీలు బాగుచేస్తూ, ఇళ్ల మీద యాంటెన్నాలు బిగిస్తూ బతికినవాణ్ని నేను. ఆ లోటు నాకు చిన్నదిగా అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కేబుల్ వద్దనుకునేవాళ్లు చెప్పే కారణాలన్నీ న్యాయమైనవే. ఇంట్లో చూసేది నాలుగైదు ఛానళ్లు, డబ్బు కట్టేది వందల ఛానళ్లకు. ఒకటి కావాలంటే దాంతో పాటు పది అంటగడతారు. ఏడాది తిరిగేసరికి బిల్లు పెరుగుతుంది, ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పరు. కాబట్టి తీసేయమనే నేనూ చెబుతాను. నా పట్టుదల ఒక్కటే: గాలిలో డిజిటల్ ప్రసారాలు వస్తున్న చోట ఉన్నవాళ్లు కేబుల్ తీసేశాక ముందు యాంటెన్నా పెట్టుకోవాలి. దాంతో ఏం వస్తుందో, ఏం రాదో నెల రోజులు చూడాలి. ఆ తర్వాతే, ఇంకా కావాలనిపించిన వాటికి స్ట్రీమింగ్ చందాలు కట్టాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ముందు మూడు నాలుగు చందాలు కట్టేస్తారు, ఆరు నెలలకు లెక్క చూసుకుంటే కేబుల్ బిల్లు దగ్గరికే వచ్చి ఉంటుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

అసలు కేబుల్ టీవీ పుట్టిందే యాంటెన్నా నుంచి. 1940ల చివర్లో అమెరికాలోని పెన్సిల్వేనియా, ఆరెగాన్ వంటి రాష్ట్రాల్లో కొండల చాటున ఉన్న ఊళ్లకు టీవీ సిగ్నల్ అందేది కాదు. ఎత్తైన చోట ఒక పెద్ద యాంటెన్నా నిలబెట్టి, అక్కడి నుంచి వైరు లాగి ఇంటింటికీ ఇచ్చారు. దాన్ని అప్పట్లో 'కమ్యూనిటీ యాంటెన్నా టెలివిజన్' అనే పిలిచేవారు. అందరికీ ఉచితంగా వచ్చే సిగ్నల్‌ను అందని ఇళ్లకు చేర్చడమే ఆ వైరు పని. తర్వాత తర్వాత వైరుదే పెత్తనం అయింది. చివరికి యాంటెన్నా అనేదొకటి ఉందన్న సంగతే కొత్త తరానికి తెలియకుండా పోయింది. మొన్న ఒక ఇంటికి వెళ్తే, డిగ్రీ చదువుతున్న అబ్బాయి నా చేతిలోని యాంటెన్నా చూసి, "అంకుల్, దీనికి నెలకు ఎంత కట్టాలి?" అని అడిగాడు. ఏమీ కట్టక్కర్లేదంటే నమ్మలేదు. పక్క గదిలో ఉన్న వాళ్లమ్మను పిలిచి మళ్లీ నా చేత చెప్పించాడు.

యాంటెన్నా అంటే మసక బొమ్మ, చుక్కలు, ఒకరు పైకెక్కి తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరవడం, చాలామంది మనసులో ఇంకా అదే ఉంది. అది అనలాగ్ కాలం నాటి మాట. అప్పుడు సిగ్నల్ తగ్గినకొద్దీ బొమ్మ మసకబారేది, అయినా ఎంతో కొంత కనపడేది. డిజిటల్‌లో అలా ఉండదు. సిగ్నల్ ఒక హద్దుకు పైన ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటి కిందికి జారితే గడులు గడులుగా విరిగిపోయి, మాట తెగి, తెర నల్లబడుతుంది. వచ్చినప్పుడు మాత్రం ఆ బొమ్మ నాణ్యత చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అమెరికా పద్ధతిలో ఒక్కో ప్రసార ఛానల్ 6 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, అందులో సెకనుకు 19.39 మెగాబిట్ల సమాచారం పడుతుంది. ఒకే ఛానల్‌లో నాలుగైదు కార్యక్రమాలు ఇరికించకుండా ఒకటో రెండో పంపిస్తే, అదే మ్యాచ్‌ను కేబుల్‌లో బాగా కుదించి ఇచ్చిన బొమ్మ దీని ముందు తేలిపోతుంది.

మనం చూసే చేపముల్లు ఆకారపు యాంటెన్నా 1926లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో పుట్టింది. షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అనే ఇద్దరి కృషి అది. దాదాపు వందేళ్లయినా మూలసూత్రం మారలేదు. టీవీ ప్రసారాలు వాడే 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు అర మీటరు. అందులో సగం, అంటే పాతిక సెంటీమీటర్ల కడ్డీ ఆ తరంగాన్ని బాగా పట్టుకుంటుంది. వెనకున్న కాస్త పొడవు కడ్డీ అద్దంలా వెనక్కి కొడుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు సిగ్నల్‌ను ఒకే దిక్కు నుంచి పోగుచేస్తాయి. అందుకే దాన్ని ప్రసార టవర్ వైపు సూటిగా తిప్పి పెట్టాలి. టవర్ నుంచి వచ్చే తరంగాలు అడ్డంగా ఊగుతున్నాయా నిలువుగా ఊగుతున్నాయా చూసుకుని కడ్డీలను కూడా అలాగే అడ్డంగానో నిలువుగానో పెట్టాలి. ఇది తెలియక, "యాంటెన్నా కొన్నాం, ఏమీ రావట్లేదు" అని దాన్ని అటక మీద పడేసినవాళ్లు ఉన్నారు.

నేను ఎక్కువగా చూసే లోపం మాత్రం యాంటెన్నాలో ఉండదు, వైరు చివర ఉంటుంది. యాంటెన్నా నుంచి టీవీకి వచ్చే కోయాక్సియల్ వైరు లోపల ఒక్క రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద జడలా అల్లిన సన్నటి తీగలు ఉంటాయి. పిన్ను బిగించేటప్పుడు ఆ అల్లికలోని ఒక్క పోగు లోపలి రాగి తీగకు తగిలినా అక్కడే సిగ్నల్ చచ్చిపోతుంది. కంటికి దాదాపు కనపడదు. వెలుతురులో పెట్టి, గోటితో పోగులన్నీ వెనక్కి మడిచి, మళ్లీ బిగిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంటివాళ్లు ఈలోగా కొత్త టీవీ కొనేయడానికి కూడా సిద్ధపడి ఉంటారు.

బూస్టర్ గురించి కూడా చెప్పాలి. సిగ్నల్ సరిగా లేదనగానే దుకాణంవాడు బూస్టర్ చేతిలో పెడతాడు. బూస్టర్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో అందులోని రొదనూ అంతే పెంచుతుంది. దాన్ని టీవీ పక్కన పెడితే పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే అప్పటికే పొడవాటి వైరులో సిగ్నల్ కరిగిపోయి ఉంటుంది. పెట్టదలచుకుంటే పైన యాంటెన్నా దగ్గరే పెట్టాలి. టవర్ దగ్గర్లోనే ఉన్న ఇంటికి బూస్టర్ పెడితే, టీవీ లోపల సిగ్నల్ అందుకునే ట్యూనర్ అంత బలాన్ని తట్టుకోలేక, వస్తున్న ఛానళ్లను కూడా పోగొడుతుంది. టీవీ మెనూలో స్ట్రెంత్ అని ఒక గీత, క్వాలిటీ అని ఒక గీత కనపడతాయి. అందరూ మొదటిదే చూస్తారు. నన్నడిగితే రెండోదే చూడాలి. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ అడుగున ఉంటే, పక్క భవనం మీద పడి తిరిగొచ్చిన సిగ్నలో, దగ్గర్లోని మొబైల్ టవరో గొడవ చేస్తున్నట్టు. యాంటెన్నాను కాస్త పక్కకు జరపడమో, మొబైల్ తరంగాలను ఆపే చిన్న ఫిల్టర్ పెట్టడమో చేస్తే సరిపోతుంది. ఒక యాంటెన్నా వైరును రెండు టీవీలకు చీల్చితే ఒక్కోదానికి సగం కంటే కొంచెం తక్కువే వెళ్తుంది. రెండో గదిలో ఛానళ్లు పోతున్నాయని కంగారు పడేవాళ్లు ముందు ఆ స్ప్లిటర్‌ను చూడాలి.

స్ట్రీమింగ్‌ను నేను కాదనను. మా ఇంట్లోనూ ఉంది. కావాల్సినప్పుడు కావాల్సింది చూసుకోవచ్చు, మధ్యలో ఆపుకుని మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, సినిమాలకు, పాత సీరియళ్లకు దాన్ని మించింది లేదు. అయితే అందరూ ఒకేసారి చూసే ప్రత్యక్ష ప్రసారం దగ్గరికి వచ్చేసరికి దాని పద్ధతే వేరు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ఇంటికి విడివిడిగా పంపుతారు. నెట్ బలాన్ని బట్టి నాణ్యతను పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. అందుకే ముఖ్యమైన బంతి పడేటప్పటికి బొమ్మ మసకబారుతుంది, లేదా చక్రం తిరుగుతుంది. గాలిలో వచ్చేదానికంటే అరనిమిషం దాకా వెనకబడి ఉండటమూ మామూలే. పక్కింట్లో వికెట్ పడిందని కేకలు వేస్తుంటే మన తెర మీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టడు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున చూస్తే గంటకు రెండుంపావు జీబీ ఖర్చవుతుంది. డేటాకు హద్దు ఉన్న ఇంట్లో రోజంతా టీవీ ఆన్‌లో ఉంటే నెల మధ్యకే కళ్లు తిరుగుతాయి. యాంటెన్నాలో ఆ లెక్కే లేదు. టవర్ కింద వెయ్యి ఇళ్లు చూసినా లక్ష ఇళ్లు చూసినా ప్రసారానికి అయ్యే కరెంటు ఒక్కటే, ఎవరి బొమ్మా ఇంకొకరి వల్ల ఆగిపోదు.

ఇదంతా ఒక ఎత్తు, పెద్దవాళ్ల సంగతి ఒక ఎత్తు. నాకు తెలిసిన ఒక ఇంట్లో వృద్ధ దంపతులు ఇద్దరే ఉంటారు. పిల్లలు దూరం నుంచి ప్రేమతోనే కేబుల్ తీసేయించి, స్మార్ట్ టీవీ, చందాలు అన్నీ పెట్టి వెళ్లారు. ఒకరోజు ఆ పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, టీవీ ఏదో కోడ్ అడుగుతోంది, వార్తలు చూసి నాలుగు రోజులైంది" అన్నారు. వెళ్లి చూస్తే యాప్ దానంతట అదే అప్‌డేట్ అయి లాగౌట్ అయింది. ఓటీపీ వెళ్లేది కొడుకు ఫోన్‌కు. అక్కడ అప్పుడు అర్ధరాత్రి. కొడుకును నిద్ర లేపడం ఇష్టం లేక ఆ ఇద్దరూ నల్లటి తెర ముందు కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది. వాళ్లకు ఒక యాంటెన్నా బిగించి, రిమోట్‌లో పైకి కిందికి ఉండే మీటలు రెండు చూపించాను. అమ్మగారు ఒక్కసారికే నేర్చుకున్నారు. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ స్వతంత్రం ఆ వయసులో ఎంత విలువైందో టీవీ కంపెనీలు గానీ, యాప్‌లు చేసేవాళ్లు గానీ ఆలోచిస్తున్నారా?

తుపాను, భూకంపం వచ్చినప్పుడు నెట్ పోవడం, మొబైల్ టవర్లు మూగబోవడం మనం చూస్తూనే ఉన్నాం. జనరేటర్ మీద నడిచే ఒక ప్రసార టవర్, ఇంట్లో బ్యాటరీతో నడిచే ఒక చిన్న టీవీ ఉంటే చాలు, హెచ్చరికలు అందుతాయి. జపాన్ 2011 జులై 24న అనలాగ్ ప్రసారాలు ఆపేసింది. కానీ ఆ మార్చిలో భూకంపం, సునామీ దెబ్బ తిన్న ఇవాతే, మియాగి, ఫుకుషిమా ప్రిఫెక్చర్లలో మాత్రం 2012 మార్చి 31 వరకు వాటిని కొనసాగించింది. గాలిలో వచ్చే టీవీ అంటే అలాంటి చోట ఏమిటో ఆ దేశానికి తెలుసు.

ఇప్పుడు నా అసలు ఆందోళన. ఈ ఉచిత ప్రసారం ఎప్పటికీ ఉంటుందని అనుకోవడానికి లేదు. స్విట్జర్లాండ్ ప్రజా ప్రసార సంస్థ 2019 జూన్ 3న యాంటెన్నా ప్రసారాలు పూర్తిగా ఆపేసింది. మన దేశంలో దూరదర్శన్ 2022 నాటికి తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ మూసేసింది. అందుకే ఇక్కడ చాలామందికి ఉచిత టీవీ అంటే ఇప్పుడు డిష్ మాత్రమే. బ్రిటన్‌లో కనీసం 2034 వరకు అని హామీ ఉంది, ఆ తర్వాత ఏమిటన్నది చర్చల్లో ఉంది. టీవీ వాడే తరంగాల మీద మొబైల్ కంపెనీల కన్ను ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వేలం 2017లో ముగిసి, టీవీ స్టేషన్లు తమ చోటు ఖాళీ చేసి జరగాల్సి వచ్చింది. 2023లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశంలో యూరప్, ఆఫ్రికా ప్రాంతానికి 470 నుంచి 694 మెగాహెర్ట్జ్ దాకా ప్రసారాలకే ప్రధానంగా ఉంచారు గానీ, 2031లో మళ్లీ చూద్దామన్నారు. యాంటెన్నా వాడేవాళ్లు ఎవరూ లేరన్న మాట ఒకసారి స్థిరపడితే, ఆ తరంగాలు అమ్మేయడానికి ఎవరికీ అడ్డు ఉండదు. మీలాంటి పెద్ద పత్రికలో వచ్చే వ్యాసాల్లో యాంటెన్నా మాటే లేకపోతే ఆ అపోహ ఇంకా బలపడుతుంది.

ఇంకో సంగతి ఇంతకంటే బాధాకరం. అమెరికాలో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసార ప్రమాణం వచ్చింది. 2017 నవంబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీనికి అనుమతి ఇచ్చింది. బొమ్మ, సౌండ్ ఇంకా మెరుగ్గా ఉంటాయి, బలహీనమైన సిగ్నల్‌ను కూడా బాగా పట్టుకుంటుంది. మంచిదే. కానీ ఆ పద్ధతిలో ప్రసారం చేసే కొన్ని స్టేషన్లు సిగ్నల్‌కు డిజిటల్ తాళం వేస్తున్నాయి. వాళ్లు ఆమోదించిన ట్యూనర్ అయితేనే తెరుచుకుంటుంది. గాలి తరంగాలు ప్రజలవి. స్టేషన్లకు వాటిని వాడుకునే లైసెన్స్ ఇచ్చింది ప్రజల కోసమే. అందరి ఇళ్లలోకి ఉచితంగా రావాల్సిన ప్రసారానికి తాళం వేసే హక్కు ఎవరిచ్చారు? ఇంకే దేశమైనా ఈ దారి పట్టకముందే ప్రేక్షకులు గట్టిగా అడగాలి.

మీకు నా విన్నపం ఇది. ఆ వ్యాసానికి కొనసాగింపుగా మరొకటి రాయించండి. తమ ప్రాంతంలో గాలిలో ఏ ఛానళ్లు వస్తున్నాయో ఎలా తెలుసుకోవాలి, టవర్ ఏ దిక్కున ఉందో ఎలా చూసుకోవాలి, లోపల పెట్టుకునే యాంటెన్నా ఎవరికి సరిపోతుంది, పైన బిగించక తప్పనిది ఎవరికి, ఛానళ్లు స్కాన్ చేయడం ఎలా, ఇవన్నీ మామూలు మాటల్లో బొమ్మలతో చెప్పించండి. యాంటెన్నా ప్రసారాలు ఆగిపోయిన చోట జనం ఏం పోగొట్టుకున్నారో కూడా రాయించండి. పెద్ద కంపెనీలు యాంటెన్నా గురించి ప్రకటనలు ఇవ్వవు, నెలనెలా వసూలు చేయడానికి అందులో ఏమీ లేదు కనుక. ఆ పని పత్రికలే చేయాలి. పిన్ను బిగించడం, స్ప్లిటర్ ఎంచుకోవడం లాంటి చేతి పనుల గురించి మీ విలేకరికి ఏం కావాలన్నా చెప్పడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్