కార్డు పేరు పక్కన ఎన్ని జీబీలో కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

దీపావళి ముందు ఆదివారం మీ పత్రికలో గేమింగ్ కంప్యూటర్ల మీద అర పేజీ వేశారు. గ్రాఫిక్స్ కార్డుల (తెర మీద బొమ్మ గీసే కంప్యూటర్ భాగాల) పేర్లు, ధరలు వరసగా ఇచ్చారు గానీ ఏ కార్డులో ఎంత మెమరీ ఉందో ఒక్కదానికీ రాయలేదు. చిన్న విషయమే కదా అనిపించొచ్చు. మా ఇంట్లో మాత్రం సరిగ్గా ఆ ఒక్క అంకె దగ్గరే నలభై వేలకు దగ్గరగా డబ్బు ఇరుక్కుపోయింది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

మా బాబాయి కొడుకు బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇన్నాళ్లూ పాత జీటీఎక్స్ 1650 మీదే ఆడాడు. అది 4 జీబీ కార్డు, కొత్త గేమ్ ఏది వేసినా సెట్టింగ్స్ అన్నీ ‘లో’లో పెట్టుకోవాల్సిందే. బోనస్ వచ్చాక బాబాయి “సరే, మంచిదే కొనుక్కో, మళ్లీ నాలుగేళ్ల దాకా అడగొద్దు” అని డబ్బులిచ్చాడు. వాడు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, ఒక షాపులో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కార్డు కావాలని అడిగాడు. ఇచ్చారు. బిల్లు మీదా 5060 టీఐ అనే రాశారు. అదే పేరుతో 8 జీబీది ఒకటి, 16 జీబీది ఒకటి ఉన్నాయని వాడికి తెలియదు, షాపువాళ్లు చెప్పలేదు. ఇంటికొచ్చి బిగించి, నాకు ఫోన్ చేసి “అన్నా, కొత్త కార్డు పెట్టినా గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, ఎందుకు?” అని అడిగితే వెళ్లి చూశాను, 8 జీబీది. వెనక్కి తీసుకెళ్తే డబ్బా తెరిచారు కాబట్టి మార్చం అన్నారు. డబ్బా మీద 8 జీబీ అని ఉన్న మాట నిజమే. కానీ పేరు ఒకటే అయినప్పుడు వస్తువూ ఒకటే అనుకున్న పిల్లాడిది తప్పని నేను ఒప్పుకోను.

ఆ మెమరీ ఏం చేస్తుందో మీ పాఠకులకు కాస్త చెప్పాలి, ఎందుకంటే ‘హై’ సెట్టింగ్స్ కోసం కార్డు కొనేవాళ్లకు అసలు కీలకం అక్కడే ఉంది. తెర మీద కనిపించే గోడలు, చెట్ల బెరడు, బట్టల మీది నేత, మనుషుల ముఖాలు, ఇవన్నీ టెక్చర్స్ అనే బొమ్మల రూపంలో కార్డు మెమరీలో సిద్ధంగా ఉండాలి. పెళ్లి వంటల్లో సరుకులు వంటవాడి చేతికందేంత దూరంలో ఉంటాయి కదా. ప్రతి దినుసుకీ ఎవరో ఒకరు కొట్టుగదికి పరుగెత్తాల్సి వస్తే ఎంత చేయి తిరిగిన వంటవాడైనా పంక్తిలో కూర్చున్నవాళ్లు చేతులు కట్టుకుని ఎదురుచూడాల్సిందే. 5060 టీఐ తన సొంత మెమరీ నుంచి సెకనుకు 448 జీబీ తెచ్చుకోగలదు. అది నిండిపోతే మిగతా సరుకు కంప్యూటర్ మామూలు మెమరీ అయిన ర్యామ్‌లోంచి మదర్‌బోర్డు దారిలో రావాలి. ఈ కార్డు 16 దార్లు ఉన్న స్లాట్‌లో 8 మాత్రమే వాడుకుంటుంది, మా వాడిది ఇంటెల్ పదో తరం ఐ5 ప్రాసెసర్, బోర్డు దారి పాత రకం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0, అంటే ఆ దారిలో సెకనుకు వచ్చేది మహా అయితే 8 జీబీ. తేడా యాభై రెట్ల పైమాట! అందుకే సగటు ఫ్రేమ్స్ (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) 70 అని చూపిస్తున్నా, గేమ్‌లో వీధి మలుపు తిరగ్గానే బొమ్మ ఒక క్షణం గడ్డకట్టినట్టు ఆగిపోతోంది. కొన్ని గేమ్స్ ఆగవు, ఆగే బదులు గోడల మీది బొమ్మల్ని మసకగా వేసి సరిపెట్టేస్తాయి, చూసేవాళ్లు తమ మానిటర్ బాగాలేదేమో అనుకుంటారు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. మెమరీ సరిపోయినంతవరకు టెక్చర్స్ పెంచినా ఫ్రేమ్స్ పెద్దగా తగ్గవు. నీడలు, రే ట్రేసింగ్ (వెలుగు నిజంగా పడినట్టు లెక్కగట్టి చూపించడం) అలా కాదు, అవి నేరుగా కార్డులో లెక్కలు చేసే చిప్ మీద భారం వేస్తాయి. అంటే గేమ్ అందంగా కనిపించడానికి దాదాపు ఖర్చులేని సెట్టింగ్ టెక్చర్సే, 8 జీబీ కార్డు కొన్నవాడు ముందు తగ్గించుకోవాల్సిందీ అదే. చిప్ రెండు కార్డుల్లోనూ ఒకటే. 2025 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు అమెరికాలో 8 జీబీది 379 డాలర్లు, 16 జీబీది 429. ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎండీ కూడా అదే ఏడాది జూన్‌లో ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీని ఒకే పేరుతో 8, 16 జీబీల్లో తెచ్చింది, 299, 349 డాలర్లకి. ఇది కొత్త అలవాటేం కాదు, 2016లో ఎన్విడియా జీటీఎక్స్ 1060ని 3 జీబీ, 6 జీబీ అని అమ్మినప్పుడు వాటిలో చిప్ కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) కూడా వేరే, ఒకదాంట్లో 1152, ఇంకోదాంట్లో 1280. అయితే కొనేవాళ్లు గట్టిగా అడిగితే కంపెనీలు వినవని అనుకోవద్దు. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 12 జీబీ, 16 జీబీ అని రెండు ప్రకటించి, విమర్శలు వచ్చాక అక్టోబర్‌లో ఎన్విడియానే 12 జీబీ దాన్ని వెనక్కి తీసుకుంది.

8 జీబీ కార్డులు పనికిరావని నేను అనడం లేదు. 1080పీ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ఆడేవాళ్లకి అవి హాయిగా సరిపోతాయి. 1080పీ తెర మీద ఉండేవి సుమారు 20 లక్షల 74 వేల చుక్కలు, 1440పీ మీద 36 లక్షల 86 వేలు, 4కే మీద దాదాపు 83 లక్షలు. చుక్కలు పెరిగితే మెమరీ కూడా ఎక్కువ కావాలి, కాబట్టి షాపుకి వెళ్లేముందు ఇంట్లో మానిటర్ ఏదో చూసుకోవాలి. మా వాడిది 1440పీ. ఎవరూ ఆ ప్రశ్న వాడిని అడగలేదు.

పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఇంకో చిన్న పరీక్ష చేసుకోవచ్చు, దీనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడున్న కార్డుతోనే గేమ్‌లో రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) బాగా తగ్గించి చూడండి. ఫ్రేమ్స్ పెరిగితే అడ్డు కార్డుది. పెరగకపోతే అడ్డు ప్రాసెసర్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ, కొత్త కార్డు కొన్నా డబ్బు దండగ. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) సంగతి కూడా చూసుకోండి. 5060 టీఐ తీసుకునే కరెంటు 180 వాట్లు, దానికి మొత్తం కంప్యూటర్‌కి 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా చెబుతోంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పేరులేని 450 వాట్ల దాని మీద అంత ఖరీదైన కార్డు నడపడం నాకు భయమే, అది పోతే ఒక్కోసారి కార్డునీ తనతో తీసుకుపోతుంది.

మిమ్మల్ని అడిగేది ఒకటే. మీరు వేసే ప్రతి ధరల పట్టికలో కార్డు పేరు పక్కనే ఎన్ని జీబీలో కూడా వేయండి, ఒకే పేరుతో రెండు రకాలుంటే రెండు ధరలూ వేయండి. చదివే తల్లిదండ్రులు కూడా బిల్లు మీద జీబీలు రాయించుకుని, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో చూసుకున్నాకే డబ్బులివ్వండి, తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మేమూ చేద్దామనుకుంటున్నాం, కానీ మా బిల్లు మీద ఎన్ని జీబీలో రాయనే లేదు.

- ఒక పాఠకుడు, హనుమకొండ