వార్షిక నివేదిక 2024–25: పిల్లల ఆదివారం తరగతులు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశ తీర్మానం ప్రకారం, శ్రీకాకుళంలోని మన కాలనీ కమ్యూనిటీ హాలులో, ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ఫోను గానీ కంప్యూటరు గానీ లేకుండా, కోడింగ్‌కు (అంటే కంప్యూటరుకు మెట్టు మెట్టుగా ఆదేశాలు రాసే పనికి) మూలమైన ఆలోచనలను ఆటలుగా నేర్పే తరగతులను ఏడాది పొడవునా నిర్వహించాము. జాతీయ విద్యావిధానం 2020 కోడింగ్‌ను ఆరో తరగతి దశ నుంచి ప్రవేశపెట్టమన్నది; పునాది అంతకు ముందే పడాలన్నది మన ఉద్దేశం. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వారి ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ ఆటలను మన పిల్లలకు తగినట్లు మార్చుకున్నాము. 1, 2, 4, 8, 16 చుక్కలున్న ఐదు అట్టముక్కలను తిప్పుతూ, కనబడే చుక్కల మొత్తంగా 0 నుంచి 31 వరకు ఏ సంఖ్యనైనా చూపడం రెండో తరగతి పిల్లలకు సైతం పట్టుబడింది. చోడి (రాగి) అంబలి కాచే విధానాన్ని మెట్టు మెట్టుగా చెప్పమంటే, పిండిని ముందు చన్నీళ్లలో కలపాలన్న మాట చాలామంది మరిచారు. వారు చెప్పినట్లే కాచి చూపగా అంబలి ఉండలు కట్టింది.

మనం గర్వంగా చెప్పుకోవలసినది సంక్రాంతి సెలవుల్లో జరిగిన కార్యక్రమం. హాలు ముంగిట ముగ్గుపిండితో గళ్లు గీసి, ఒక మూల నుంచి ఎదుటి మూలనున్న గొబ్బెమ్మ దాకా ‘మరమనిషి’ని నడిపించమన్నాము. పిల్లలు ‘ఒక అడుగు’, ‘ఎడమకు తిరుగు’, ‘కుడికి తిరుగు’, ‘మూడుసార్లు చెయ్యి’ అన్న అట్టలు వరుసగా పేర్చగా, మరమనిషిగా నిలబడిన కోశాధికారి గారు సొంత తెలివి వాడకుండా, ఉన్నది ఉన్నట్లే చేశారు. ఒక జట్టు అట్టల ప్రకారం ఆయన గళ్లు దాటి కుళాయి వైపు వెళ్లిపోయారు. అన్నీ తీసి మొదటి నుంచి పేర్చుదామని తక్కినవారంటే, మూడో తరగతి పాప ఒకతె ఒప్పుకోలేదు. నేల మీద చిన్న గళ్లు గీసుకొని, ఒక చేత్తో అట్టల మీద వేలు పెడుతూ, మరో చేత్తో చింతపిక్కను జరుపుతూ వచ్చి, ఏడో అట్ట దగ్గర ఆగి, ‘ఎడమ’ తీసి ‘కుడి’ పెట్టింది. ఈసారి కోశాధికారి గారు తిన్నగా గొబ్బెమ్మ ముందు ఆగారు. పెద్దలందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పాప మిగిలిన అట్టలు కూడా సరిచూస్తూనే ఉంది.

అట్టలు కోసి ఇచ్చిన తల్లులకు, ముగ్గుపిండి ఇచ్చిన కిరాణా యజమానికి, తన వంతు ఆదివారం ఒక్కటి కూడా మానని విశ్రాంత లెక్కల మాస్టారికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

బోధిస్తామని 14 మంది పేర్లిచ్చారు. వేసవి దాటేసరికి మిగిలినది నలుగురు. రాలేనివారు ముందురోజైనా కబురు చేయనందున, ఒక ఆదివారం పిల్లలు తాళం వేసిన తలుపు ముందు గంటసేపు నిలబడవలసి వచ్చింది. పాఠశాలలో వారానికి ఒక గంట ఇప్పించమని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చినా జవాబు లేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు గారి సంతకంతో నోటీసు బోర్డుపై ఉన్నది. వచ్చే సంవత్సరానికి పేర్లిచ్చేవారు, ఏ ఆదివారాలు రాగలరో కూడా ఈ సమావేశంలోనే రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి