గెడ్డలో ఆకు చెత్త కాదు

సంపాదకులకు నమస్కారం.

మాఘం దాటితే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఆకు రాలడం జోరందుకుంటుంది. దాని వెనకే గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, చెత్త తీసే పనులు కూడా. మొన్న నా పాత విద్యార్థిని ఇంట్లో పెళ్లికని కొండెక్కినప్పుడు ఆ ఊరి ఊటగెడ్డ దగ్గర కాసేపు ఆగాను. నీటి అడుగున నాని మెత్తబడిన ఆకునంతా పారలతో ఎత్తి గట్టున పోసి తగలబెట్టారు. ఒడ్డున ఉన్న నాలుగు మద్దిచెట్లనూ ఒక నేరేడునూ పనికి అడ్డమని కొట్టేశారు. చేసినవాళ్లకు దురుద్దేశం ఏమీ లేదు, నీళ్లు తేటగా కనబడాలన్నదే వాళ్ల తాపత్రయం. ఆకు కుళ్లితే నీళ్లు పాడవుతాయని అందరూ అనుకునేదే. ఆ కొండల్లోనే ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పిన నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

అడవిలో పారే ఇరుకు గెడ్డకు ఎండ సరిగ్గా తగలదు. ఎండ లేనిచోట పాచి పెద్దగా పెరగదు. మరి అందులో ఉండే పీతకి, రొయ్యకి, పురుగుకి, వాటిని తిని బతికే చేపకి తిండి ఎక్కడిది? చాలావరకు పైనుంచి రాలిన ఆకే. ఆ ఆకు నీళ్లలో పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే అందులో కరిగేవన్నీ దిగిపోతాయి. గుంటల్లో నీళ్లు డికాక్షన్ రంగులో కనబడేది అందుకే. తర్వాత దానికి బూజు పడుతుంది. రొట్టె మీద పట్టే బూజు కాదిది, పారే నీళ్లలోనే బతికే శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. 1942లో ఇంగ్లండ్‌లో ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వీటి గురించి వివరంగా రాశారు. మన దేశంలో మంగళూరు విశ్వవిద్యాలయం వాళ్లు పడమటి కనుమల వాగుల్లో వీటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చిన్న జలపాతం కింద పేరుకునే నురుగు చుక్కని మైక్రోస్కోప్ కింద పెడితే వీటి బీజాలు కనబడతాయి. కొన్ని నాలుగు కొమ్మలున్న పుల్లల్లా ఉంటాయి. మొదటిసారి చూసిన పిల్లలు గంటసేపు నన్ను లాబ్ మూయనివ్వలేదు.

బూజు పట్టాకే ఆకు పురుగులకు పనికొస్తుంది. ఉత్త ఆకు వాటికి చప్పిడి కూడు, బూజు పట్టింది కూర కలిపిన అన్నం. ఆకు ముక్కలు అతికించుకుని గూడు కట్టుకునే చిన్న పురుగులు, పీతలు దాన్ని కొరికి తుక్కు చేస్తాయి. ఆ తుక్కు కిందికి కొట్టుకుపోయి ఇంకో పది రకాల జీవాలకు తిండి అవుతుంది. ఇదంతా ఒక పద్ధతిలో, నెమ్మదిగా జరగాలి. శిశిరంలో రాలిన ఆకు వానాకాలం దాకా కొంచెం కొంచెంగా అందుతుంటేనే గెడ్డ నిలబడుతుంది.

వాతావరణ మార్పు దెబ్బ తీస్తున్నది ఈ నెమ్మది మీదే. నీళ్లు వేడెక్కితే ఆకు తొందరగా కుళ్లుతుంది, గెడ్డ తనే శుభ్రమవుతుంది, మంచిదేగా అని ఒక ఇంజనీరు మిత్రుడు నాతో అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ కుళ్లబెట్టేది ఎవరన్నదే అసలు ప్రశ్న. భూమధ్యరేఖ దగ్గర్నుంచి చలిదేశాల వరకు 22 చోట్ల ఒకే రకం ఆకును వాగుల్లో ఉంచి చూసిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. వెచ్చటి నీళ్లలో సూక్ష్మజీవుల వాటా పెరిగింది, పురుగుల వాటా తగ్గింది, మొత్తం వేగం మాత్రం పెద్దగా మారలేదు. 2017లో మరికొందరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, నీళ్లు 1 నుంచి 4 డిగ్రీలు వేడెక్కితే ఆకు కుళ్లే వేగం సగటున 5 నుంచి 21 శాతం పెరగవచ్చని తేలింది. రెండు లెక్కలూ అచ్చంగా కలవవు. నాకు మొదటిదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. పురుగు తిన్న ఆకు తుక్కుగానో, ఒంటి కండగానో గెడ్డలో కొంతైనా మిగులుతుంది. సూక్ష్మజీవి తిన్నదాంట్లో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. పైకి చూస్తే ఆకు అంతే తొందరగా మాయమైంది, కానీ ఎవరి కడుపూ నిండలేదు. ప్రపంచంలోని వాగులు, నదులు కలిసి ఏటా సుమారు 180 కోట్ల టన్నుల కార్బన్‌ను ఈ వాయువు రూపంలో గాల్లోకి వదులుతున్నాయని 2013 నాటి అంచనా. అది ఇంకా పెరిగితే ఎండలు ఇంకా ముదురుతాయి.

ఉష్ణమండల వాగుల్లో ఆకు కొరికే పురుగులు చాలాచోట్ల అసలే తక్కువ. ఉన్నవి కూడా తట్టుకోగల వేడికి దగ్గర్లోనే బతుకుతుంటాయి. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం లెక్కలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టేచోట 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. సూక్ష్మజీవులు చురుగ్గా ఉండేదీ అప్పుడే కనక ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ అవే లాగేసుకుంటాయి.

వేడికి తోడు వాన లెక్క కూడా తప్పుతోంది. 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయని, మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే కుండపోతలు 75 శాతం దాకా పెరిగాయని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. మన కొండలకు ఈ అంకెల్ని యథాతథంగా అంటగట్టను. అయితే ఆ తీరు వస్తే గెడ్డలో ఏం జరుగుతుందో చెప్పగలను. గెడ్డ ఎండితే ఆకు కుళ్లడం దాదాపు ఆగిపోయి రాళ్ల మీద కుప్పపడుతుంది. ఒక్కసారిగా కుండపోత వస్తే ఆ కుప్పంతా కొత్తనీటితో కలిసి కిందికి దూకుతుంది. పైన పురుగులకు తిండి ఉండదు, కింద మడుగుల్లో ఆక్సిజన్ అయిపోయి చేపలు నోళ్లు తెరుస్తాయి.

తుఫాన్ల సంగతీ చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కొండల మీద పచ్చి ఆకు దులిపేసినట్టు రాలిపోయింది. పండిన ఆకు రాలేముందు చెట్టు అందులోని నత్రజనిని చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. పచ్చి ఆకు విషయంలో అంత వ్యవధి ఉండదు. సారమంతా ఉన్న ఆకు గెడ్డలో పడి చకచకా కుళ్లిపోతుంది. తీరా శిశిరం వచ్చేసరికి కొమ్మల మీద రాలడానికి ఆకెక్కడుంది?

ఏ ఆకు పడుతుందన్నదీ ముఖ్యమే. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలతో ఉల్లిపాయల వల సంచుల్లో కానుగ, టేకు, జామాయిల్ ఆకులు నింపి బడి వెనక గెడ్డలో రాళ్లకు కట్టించాను. మూడు వారాలకు కానుగలో ఈనెలే మిగిలాయి. జామాయిల్ ఆకు ఇంచుమించు పెట్టినట్టే ఉంది, వాసన కూడా పూర్తిగా పోలేదు. దీన్ని పరిశోధన అనను. కానీ గట్టి ఆకు, నూనె ఆకు, ఘాటైన రసాయనాలున్న ఆకు నెమ్మదిగా కుళ్లుతుందన్నది శాస్త్రవేత్తలకు ఎప్పుడో తెలిసిన సంగతే. గట్టున కానుగ, మేడి, నేరేడు, మద్ది కలిసి ఉంటే తొందరగా నానే ఆకు ముందు, మొండి ఆకు తర్వాత, వంతులవారీగా తిండి అందుతుంది. గెడ్డ అంచు దాకా జామాయిలో, కాఫీ నీడకు పెట్టిన సిల్వర్ ఓకో ఒక్కటే ఉంటే ఆ వంతు ఉండదు. కాఫీ తోటలు వద్దనడం లేదు, గిరిజన కుటుంబాలకు ఆ పంట ఎంత ఆసరానో కళ్లారా చూశాను. గెడ్డ గట్టు వరకు నాటు చెట్లను వదలమంటున్నానంతే.

ఇది కొండమీది వాళ్ల గొడవ అనుకోకూడదు. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి తాటిపూడి జలాశయానికి వస్తుంది, శారదానది నీళ్లు రైవాడలో చేరతాయి. విశాఖలో మా వీధి కుళాయికి ఆ రెండు జలాశయాల నీళ్లూ అవసరమే.

ప్రపంచం వేడెక్కడాన్ని మన మండలం ఆపలేదు. కానీ గెడ్డ మీద నీడ ఉందా లేదా అన్నది అచ్చంగా మన చేతిలో పని. ఒడ్డున చెట్లుంటే మండువేసవిలో కూడా నీళ్లు కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటాయి. అందుకే సంబంధిత శాఖలను రెండు విషయాలు అడుగుతున్నాను. ఉపాధి హామీ కింద గానీ చెక్‌డ్యాం కోసం గానీ గెడ్డల్లో పని పెట్టేటప్పుడు ఒడ్డు చెట్లు కొట్టకూడదని ఎస్టిమేట్‌లోనే రాయాలి. మోటారు లేకుండా కొండమీది గెడ్డ నీళ్లను ఊళ్లోకి దింపే గ్రావిటీ స్కీం పైపు నోటి దగ్గర ఆకు తీయాల్సిందే, కాదనను. ఆ నాలుగడుగుల మేర తీస్తే చాలు. ప్లాస్టిక్ కవర్లు, సారా ప్యాకెట్లు, గుడ్డపేలికలు మాత్రం గెడ్డ పొడవునా ఏరాలి.

రెండోది, గెడ్డ నీటి వేడిని ఎవరైనా కొలవాలి. వాన కొలుస్తున్నాం, గాలి వేడి కొలుస్తున్నాం, నీటి వేడి ఏళ్ల తరబడి రాసిపెట్టిన పుస్తకం ఏ ఊళ్లోనూ నా కంటపడలేదు. ఒక థర్మామీటరు, ఒక నోట్‌బుక్, వారానికో రోజు ఉదయం ఒకే వేళకు గెడ్డ దాకా వెళ్లే ఇద్దరు పిల్లలు ఉంటే చాలు. ఆశ్రమ పాఠశాలలు చాలావరకు గెడ్డల పక్కనే ఉన్నాయి. వచ్చే జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఎలా కొలవాలో నేర్పడానికి బస్సు చార్జీలు కూడా అడగకుండా నేను వస్తాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం