ఫ్రీజర్‌లో దొరికిన మైనస్ గుర్తు

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన సుబ్బూ,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. ఇల్లు ఇంకా మారలేదు. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

భీమవరం వైపు ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో మేము అమర్చిన ఉష్ణోగ్రత చూపే ఎలక్ట్రానిక్ బోర్డు, మైనస్ 18 డిగ్రీలు ఉండవలసిన గదిలో 238 డిగ్రీలు ఉన్నట్టు చూపించడం మొదలుపెట్టింది. రొయ్యలు అక్కడికక్కడే వేపుడైపోయేంత వేడి! అందులో వేడిని కొలిచే సెన్సార్ పేరు టీఎంపీ102. దాని కొలత పరిధే మైనస్ 40 నుంచి 125 వరకు. కాబట్టి ఆ అంకె సెన్సార్ చెప్పినది కాదనీ, దానిని చదివే డ్రైవర్ ప్రోగ్రామ్ కల్పించినదనీ నాకు వెంటనే తట్టవలసింది. తట్టలేదు. రెండు రోజులు కేబుల్‌ను అనుమానించాను. తరువాత సెన్సార్ పంపే సంఖ్యలోని రెండు బైట్లు, అంటే రెండు ముక్కలు, తారుమారవుతున్నాయేమో అనుకున్నాను; కానీ అలా అయితే మా ల్యాబ్‌లో 32 డిగ్రీలు అంత సరిగ్గా ఎలా చూపిస్తుంది?

చివరికి నిన్న బోర్డును ఇంటికి తెచ్చి, సెన్సార్‌ను సన్నని తీగలతో మా ఫ్రీజర్‌లోకి పంపి, పచ్చి బఠాణీల సంచి పక్కన పెట్టి తలుపు మూశాను. అప్పుడు అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను. తెర మీద అంకెలు ఒక్కొక్కటే దిగుతున్నాయి: 4, 2, 1, 0.0625, 0. ఆ తరువాత ఏమి వచ్చిందో ఊహించు. 255.9375! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ సెన్సార్ 12 బిట్లలో (సున్నా, ఒకటి అంకెలలో), మెట్టుకు 0.0625 డిగ్రీల చొప్పున చెబుతుంది; రుణ సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్‌లో, అంటే 4096 మెట్లలోంచి (256 డిగ్రీలలోంచి) తీసివేసిన సంఖ్యగా పంపుతుంది. మా డ్రైవర్ ఆ సెన్సార్ రిజిస్టర్‌లో (కొలత దాచే చోట) ఉన్న విలువను ప్లస్-మైనస్ గుర్తు లేని 16 బిట్ల సంఖ్యగా తీసుకుని నాలుగు బిట్లు కుడికి జరుపుతోంది. పైన ఖాళీ అయిన చోట ఒకట్లు రావలసి ఉండగా సున్నాలు చేరడంతో, మైనస్ 18 కాస్తా 256లోంచి 18 తీసివేసినంత అవుతోంది. జరపడానికి ముందే దానిని గుర్తు గల సంఖ్యగా మార్చాను. మార్పు ఒక్క పదం, సుబ్బూ! మన ‘మైనస్ మూర్తి’ మాస్టారు చూసి ఉంటే నా చెవి మిగిలేది కాదు.

హైదరాబాద్ ల్యాబ్‌లో ఏసీ ఎంత పెంచినా సున్నా కిందికి పోదు గనుక ఇన్నాళ్ళూ ఇది బయటపడలేదు. అయితే ఆ ఫైలులోనే నాకు కోపం తెప్పించిన సంగతి మరొకటి ఉంది. 200 దాటిన విలువ వస్తే దానిని పారేసి పాత విలువనే చూపించమని ఎవరో నాలుగు వరుసల ప్రోగ్రామ్ రాసి, ఎందుకో అది పనిచేయకుండా ఆపి ఉంచారు. అవే గనుక పనిచేస్తూ ఉంటే, గది మైనస్ 18 నుంచి మైనస్ 1కి వచ్చి సరుకు పాడవుతున్నా తెర మీద అంకె కదిలేది కాదు.

ఇప్పుడు మైనస్ 40కీ, సున్నాకు ఒక్క మెట్టు కిందికీ కూడా పరీక్షలు రాశాను. ఈ రాత్రి బస్సుకే భీమవరం వెళ్ళి కొత్త డ్రైవర్ ఎక్కించి రావాలి. అన్నట్టు, నీ పెళ్ళిచూపులు ఏమయ్యాయో అడగనే లేదు, అమ్మాయి వాళ్ళు... ఆటో వచ్చేసింది. సెన్సార్ ఇంకా బఠాణీల పక్కనే ఉంది!

నీ
చంటి