డైయూరాన్ పనిచేసే చోటు అది కాదు

సంపాదకుల వారికి,

పది రోజుల క్రితం మీ విజ్ఞానం పేజీలో వచ్చిన కలుపు మందుల వ్యాసానికి సవరణ వేస్తారని రోజూ చూశాను. వేయలేదు. కిరణజన్య సంయోగక్రియను ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

డైయూరాన్ అనే కలుపు మందు ‘మొక్కల్లో నీటిని విడగొట్టే వ్యవస్థను ధ్వంసం చేస్తుంది’ అని రాశారు. తప్పు. నీరు విడిపోయేది హరితరేణువుల్లోని ఫోటోసిస్టమ్-2 అనే ప్రోటీన్ల సముదాయంలో, నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువులున్న గుత్తి దగ్గర. జపాన్ శాస్త్రవేత్తలు 2011లోనే దాని అమరికను 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో, అంటే పరమాణువులు విడివిడిగా కనిపించేంత వివరంగా, చూపించారు. డైయూరాన్ ఆ గుత్తి జోలికి పోదు. నీరు విడిపోగా వచ్చే ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ప్లాస్టోక్వినోన్ అనే వాహక అణువు వచ్చి చేరవలసిన చోటును ఆక్రమిస్తుంది. ముందు దారి మూసుకుపోవడంతో వెనక పని ఆగిపోతుంది. మాంగనీస్‌ను నిజంగా ఊడబెరికేవి వేరు: హైడ్రాక్సిలమిన్, గాఢమైన క్షార ట్రిస్ ద్రావణం.

ఈ తేడాను కంటితో చూడవచ్చు. ఆకుల నుంచి తీసిన హరితరేణువుల్లో డీసీపీఐపీ అనే నీలిరంగు కలిపి వెలుతురులో పెడితే, ఆ రంగు ఎలక్ట్రాన్లను అందుకుని కాసేపటికి నీలం వెలిసిపోతుంది. డైయూరాన్ వేసిన గొట్టంలో వెలవదు. ట్రిస్‌తో కడిగిన హరితరేణువులు పోసిన గొట్టంలోనూ వెలవదు. మీ వ్యాసకర్త ఇక్కడే ఆగిపోయి రెండింటినీ ఒకే గాట కట్టారు. ఇప్పుడు రెండింటిలోనూ డైఫినైల్‌కార్బజైడ్ వేయండి. ట్రిస్ గొట్టంలో నీలం పలచబడుతుంది, నీటికి బదులు అదే ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి. ఆక్సిజన్ మాత్రం రాదు. డైయూరాన్ గొట్టం నీలంగానే మిగులుతుంది, అక్కడ మూసుకుపోయింది ముందు దారి కాబట్టి. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూసినవారెవరూ ఈ పొరపాటు చేయరు.

కానీ ఆ గొట్టాలు ఇప్పుడు ఎందరు పిల్లలు చూస్తున్నారు? ప్రయోగశాలకు తాళం, రికార్డు పుస్తకానికి మార్కులు. తనిఖీకి వచ్చే అధికారులు బీరువాలు లెక్కపెడతారే గానీ, వాటిలోని సీసాలు ఎన్నాళ్లుగా తెరవలేదో అడగరు. అలా చదువుకున్నవారే వ్యాసాలు రాస్తున్నారు, అలా చదువుకున్నవారే వాటిని దిద్దుతున్నారు. అందుకే అదే వ్యాసం చివర్లో మొక్కలు ‘కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి’ ఆక్సిజన్ ఇస్తాయన్న వాక్యం కూడా అచ్చయింది! ఆ ఆక్సిజన్ నీటి నుంచే వస్తుందని రూబెన్, కామెన్ బృందం 1941లోనే బరువైన ఆక్సిజన్ కలిగిన నీటితో చూపించింది.

పరీక్షకు చదివే పిల్లలు మీ పేజీని కత్తిరించి దాచుకుంటారు. దయచేసి రెండు తప్పులకూ సవరణను అదే పేజీలో, కనబడే అక్షరాల్లో వేయండి.

— విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు