అత్యాశ అనకండి, ఆ చెక్కు సంగతి రాయండి

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మన ప్రాంతపు అమ్మాయి, పిల్లాణ్ణి చూసుకునే పని ఇస్తామంటూ వచ్చిన ఈమెయిల్‌ను నమ్మి రెండు వేల డాలర్లకు పైగా పోగొట్టుకుందని రాశారు. శీర్షికలోనే అత్యాశ అన్నారు. లోపల మళ్లీ అదే మాట. మోసం ఎలా జరిగిందో మాత్రం ఒక్క వాక్యం లేదు.

అందులో అత్యాశ ఎక్కడుందండీ? అప్పు చేసి పంపిన తండ్రికి ఇంకా భారం కాకూడదని, వారానికి కొన్ని గంటలు ఒక పిల్లాణ్ణి ఆడించి అద్దె డబ్బులు తెచ్చుకుందామనుకుంది. ఇది అత్యాశ అయితే ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీలు చదివిన మా తరం మొత్తానికీ అదే పేరు పెట్టాలి.

నేను బ్యాంకులో ఏళ్ల తరబడి చెక్కుల క్లియరింగ్ పని చూసి రిటైరైనవాణ్ణి. ఈ మోసానికి ప్రాణం చెక్కులో ఉంది. మన దగ్గర చెక్కు వేస్తే, అవతలి బ్యాంకు సరేనన్నాకే సాధారణంగా మన ఖాతాలో డబ్బు పడుతుంది. పడిందంటే వచ్చినట్టే అని పిల్లలకు చిన్నప్పటి నుంచీ మనమే నేర్పాం. అమెరికాలో అలా కాదు. అక్కడ 1987లో చేసిన చట్టం ప్రకారం, చెక్కు అసలుదో కాదో తేలకముందే బ్యాంకు ఆ సొమ్ము ఖాతాదారు వాడుకునేలా చూడాలి. చాలా చెక్కులకు ఒకటి రెండు పనిదినాల్లోనే డబ్బు కనబడుతుంది. దొంగ చెక్కు అని తేలడానికి వారాలు పట్టవచ్చు. ఆ మధ్య కాలంలోనే దోపిడీ జరుగుతుంది. మోసగాడు జీతానికి మించిన మొత్తానికి చెక్కు పంపి, ఖాతాలో వేసి మొదటి వారం జీతం ఉంచుకుని మిగతాది ఫలానా వాళ్లకు పంపమంటాడు. బాబుకు చక్రాల కుర్చీ అమ్మేవాడికనో, సామాను తెచ్చే లారీవాడికనో చెబుతాడు. జెల్ (మన ఫోన్‌పే లాంటి అమెరికా చెల్లింపుల సేవ) ద్వారా పంపు, లేదా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు ఫొటో తీసి పెట్టు, ఈ రోజే పంపు అంటూ ఊపిరాడనివ్వడు. ఆ పంపిన డబ్బు పిల్లది. తర్వాత చెక్కు బౌన్స్ అవుతుంది. బ్యాంకు మొత్తం సొమ్ము ఆ పిల్ల ఖాతాలోంచే లాక్కుంటుంది, చాలకపోతే బాకీ రాస్తుంది, ఖాతా మూసేయవచ్చు కూడా. ఖాతాదారుల పాత చరిత్రను బ్యాంకులకు అందించే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ రికార్డుల్లో పేరు ఎక్కితే అది ఐదేళ్ల దాకా ఉండిపోవచ్చు, వేరే బ్యాంకులో ఖాతా తెరవడమూ కష్టమవుతుంది.

ఆ మెయిళ్లు ఎప్పుడూ ఒకే తీరు. పంపినవాడు డాక్టరో ప్రొఫెసరో అయి ఉంటాడు. త్వరలో మీ ఊరికి మారుతున్నాం, నాలుగైదేళ్ల బాబు ఉన్నాడు, వారానికి రెండు మూడు రోజులు చూసుకుంటే నాలుగైదు వందల డాలర్లు ఇస్తాం అంటాడు. ఫోన్‌లో మాట్లాడదామంటే వినికిడి సమస్య అంటాడు, లేదా ప్రయాణంలో ఉన్నానంటాడు. జవాబు యూనివర్సిటీ మెయిల్ నుంచి కాకుండా సొంత మెయిల్ నుంచి ఇవ్వమంటాడు, ఎందుకంటే యూనివర్సిటీ వాళ్ల కంట పడకూడదు. పంపిన అడ్రసు చివర యూనివర్సిటీ పేరు ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. హ్యాక్ అయిన విద్యార్థుల ఖాతాల నుంచి కూడా ఇవి వస్తాయి. అన్నిటికన్నా పెద్ద గుర్తు నాకు ఇదే అనిపిస్తుంది: కన్న బిడ్డను ముఖం చూడకుండా, గొంతు వినకుండా, ఇంతకుముందు ఎవరింట్లో చేశావని అడక్కుండా ఏ తల్లిదండ్రులు అప్పగిస్తారు? పనిలో చేరకముందే చెక్కు ఎవరు పంపుతారు?

ఇంకో సంగతి కూడా మీ వార్తలో ఉండాల్సింది. ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. క్యాంపస్‌లో కూడా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. అంటే ఆ ఉద్యోగం నిజమైనదైనా ఒప్పుకుంటే వీసాకే ముప్పు. మోసపోయాక మన పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం ఈ భయమే. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో మన వీధుల్లో ఇంటింటికీ తెలుసు. అంతమంది ఈ భయంతో బతుకుతుంటే, మోసపోయిన పిల్లను పేపర్లో అత్యాశాపరురాలని రాస్తే ఇంకెవరు ముందుకొచ్చి చెబుతారు?

మా వీధిలోనే ఒక కుటుంబానికి ఇలా జరిగింది. తండ్రి పోలీసుల దగ్గరికి వెళితే అది అమెరికా విషయం, మేమేం చేయగలం అని పంపేశారు. మన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పినవాళ్లు కూడా లేరు. అక్కడ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్‌లో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్‌లో ఫిర్యాదు చేయవచ్చనీ, వెంటనే బ్యాంకుకు, క్యాంపస్ పోలీసులకు చెప్పాలనీ ఆయనకు ఎవరు చెప్పారు? లక్షలు తీసుకున్న కన్సల్టెన్సీ వాళ్లు వీసా రాగానే ఫొటో దిగి బోర్డుకెక్కించారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. వీసా ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో వారాల తరబడి నేర్పినవాళ్లు, అక్కడ చెక్కు ఎలా పనిచేస్తుందో ఒక్క గంట చెప్పలేరా? ఇంజినీరింగ్ కాలేజీలూ అంతే. విదేశాలకు వెళ్లిన వాళ్ల సంఖ్య గోడలకు రాసుకుంటారు, వెళ్లేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు చెప్పరు. ప్రవాసుల కోసం ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ప్రతి జిల్లాలో, విమానం ఎక్కేముందు పిల్లలనూ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి ఈ విషయాలు చెప్పించడం ప్రభుత్వానికి భారం కాదు.

ఫాల్ సెమిస్టర్‌కు పిల్లలు జులై, ఆగస్టు నెలల్లో బయలుదేరతారు. ఆలోగా మీ చదువుల పేజీలో సగం పేజీ దీనికి కేటాయించండి. మెయిల్ ఎలా ఉంటుందో, చెక్కు ఎలా పనిచేస్తుందో, డబ్బు పోయిన రోజే ఎవరికి చెప్పాలో వివరంగా వేయండి. చెక్కుల భాగం రాసివ్వడానికి నేను సిద్ధం. పారితోషికం అక్కర్లేదు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి